మరియమ్మ మా ఇంట్లో ఉన్న వారం

"ఆ బకెట్ ఇటియ్యి బాలమణీ, నేను తెస్త" అంటూ మా ఆయన సిద్ధరాములు మగ్గం గుంతలోంచి లేచాడు. నేను గోడకు ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పదకొండేళ్ళ కాపురంలో నేత మధ్యలో ఆయన గుంతలోంచి లేవడం రెండుసార్లే చూశాను. ఒకటి వాళ్ళ నాయన పోయినప్పుడు, ఇంకొకటి గాలివానకు పైరేకు ఎగిరిపోయినప్పుడు. నాకు ఏడో నెలలో సందు చివరి నల్లా నుంచి రెండు బిందెలు మోసుకొస్తుంటే, చెయ్యి ఆపకుండానే "నీళ్ళు చిందకుండ రా, పడుగు తడుస్తది" అన్న మనిషి. అదే మనిషి ఇప్పుడు బాలమణి చేతిలో బకెట్ అందుకుని వాకిలి దాటాడు. అసూయ అనేది సవతులున్న ఇళ్ళలో పుడుతుందనుకునేదాన్ని. ప్లాస్టిక్ బకెట్ మీద కూడా పుడుతుందని ఆ రోజు తెలిసింది.

అసలు బాలమణి మా ఇంట్లో ఎందుకు నీళ్ళు మోస్తోందో చెప్పాలి. మాది షోలాపూర్‌లో దాజీ పేట్. మా ముత్తాతలు కరీంనగర్ దిక్కు నుంచి మగ్గాలు నమ్ముకుని వచ్చి, ఇక్కడే బాప్తిస్మం తీసుకున్నారు. దేవుణ్ణి మార్చుకున్నారు గానీ పేర్లు మార్చుకోలేదు. అందుకే మా చర్చి పుస్తకంలో అందరూ గోదావరులూ యమునాబాయిలే. మాది ఆంగ్లికన్ చర్చి. కాగితాల మీద పేరు మారి ఇరవై ఏళ్ళయినా పెద్దవాళ్ళు ఆ మాటే అంటారు. పూనా నుంచి వచ్చిన తెల్లగౌన్ల సిస్టర్లు ఎప్పుడో ఇచ్చిపోయిన మరియమ్మ పటం ఒకటి మాకుంది. వేరే మిషన్ల వాళ్ళు "మీరేంది, రోమన్ కాథలిక్కులా?" అని ఎత్తిపొడుస్తారు. మా అయ్యగారు ఓపికగా "ఆమెకు మొక్కుతలేం, ఆమెతోటి కలిసి మొక్కుతున్నం" అని చెబుతారు.

ఆ పటం జులైలో ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆ అలవాటు పెట్టింది సుందరాబాయి, పేట్‌లో బీడీలు చుట్టేవాళ్ళందరికీ పెద్దది. మరియమ్మ కొండలు దాటి తన చుట్టం ఎలీసబెతు ఇంటికి పోయిందని, ముసలితనంలో కడుపుతో ఉన్న ఆమె దగ్గర మూడు నెలలున్నదని ఒక ఆదివారం అయ్యగారు ప్రసంగం చెబుతుంటే, సుందరాబాయి మధ్యలో లేచిందట. "మూడు నెలలు ఏం చేసింది అయ్యగారూ? ఒట్టి ప్రార్థననేనా? నెలలు నిండిన ఇంట్ల నీళ్ళెవరు మోసిండ్రు, రొట్టెలెవరు చేసిండ్రు?" సుందరాబాయి తల్లుల సంఘంలో తనే జవాబు చెప్పింది. పటం తెచ్చిన ఆడది ఆ ఇంట్లో వారం రోజులు పనిచేయాలి. మధ్యాహ్నం భోజనాల వేళ నుంచి సాయంత్రం ప్రార్థన దాకా. అంతసేపూ ఆ ఇంటి ఆడది పుల్ల ముట్టకూడదు. ఆ వారం ఆమె ఎలీసబెతు, వచ్చినామె మరియమ్మ. ఎనిమిదో రోజు ఎలీసబెతు లేచి పటం పట్టుకుని ఇంకో ఇంటికి మరియమ్మయి పోవాలి.

తొంభై ఒకటిలో మా ఇంటికి పటం తెచ్చింది బాలమణి. ఆమె మొగుడు భివండీలో పవర్లూమ్ మీద ఉంటాడు, క్రిస్మస్‌కి వస్తాడు. ముప్పై దాటని మనిషి, నవ్వితే ఎదుటివాళ్ళకూ నవ్వొస్తుంది. చర్చిలో ఆమె గొంతు ఎత్తితే మిగతావాళ్ళం ఊరికే పెదవులు ఆడిస్తాం. పటం మా గూట్లో పెట్టి, కొంగు బిగించి, "అక్కా, నువ్వు కూసో, ఇగ నీకు ఆరాం" అంది. ఆరాం. నేను ఆ వారం కూర్చున్నంత కష్టం ఎప్పుడూ పడలేదు.

మొదటి రోజు రొట్టెలు. మా అత్తమ్మ నోట్లో పళ్ళు లేవు, పొగడ్త అసలే లేదు. బాలమణి జొన్నరొట్టె చేసి పెడితే ముక్క తుంచి, పాలల్లో నానేసి, "భాకరి అంటే గిట్లుండాలె. ఎన్నేండ్లయింది గిసోంటిది తిని" అంది. అదే పిండి, అదే పెంక, అదే పొయ్యి. పొద్దున నేను చేసిన రొట్టె ఇంకా గుడ్డ కింద వెచ్చగా ఉంది. రెండో రోజు బకెట్. మూడో రోజు మా చిన్నది బాలమణి దగ్గరికి పోయి జడ వేయించుకుని, "అమ్మ లాగితే నొస్తది, అత్త లాగితే నొయ్యది" అంది. నా కడుపున పుట్టింది. నేను చెయ్యి ఖాళీగా ఉండగా జడ వేసింది ఎన్నడో దానికి తెలుసా? ఒక చేతిలో బీడీ చుట్టే తునికాకు, ఒక చేతిలో దువ్వెన, పొయ్యి మీద చారు. లాగకపోతే ఏం చేస్తాను?

సాయంత్రం ఆడవాళ్ళంతా వచ్చేవారు, చేటలు ఒళ్ళో పెట్టుకుని. మా దగ్గర ప్రార్థన బీడీలు ఆపి చేసేది కాదు, చుడుతూనే చేసేది. వేళ్ళ పని వేళ్ళది, నోటి పని నోటిది. ఎలీసబెతు ఒక కోరిక పైకి చెప్పాలి, అందరూ దానికోసం దేవుణ్ణి అడగాలి. "చెప్పు గోదావరీ, ఏం గావాలె?" అని సుందరాబాయి రోజూ అడిగేది. నాకు కావలసింది చెబితే ఇల్లు కూలుతుందనిపించేది. బాలమణికి జ్వరం రావాలి, ఆమె చేసిన రొట్టె మాడిపోవాలి, ఆమె గొంతు బొంగురుపోవాలి. ఇవీ నా కోరికలు. గూట్లోంచి పటంలో మరియమ్మ చూస్తుండేది. తునికాకు మరక అంటని ఆ తెల్లటి వేళ్ళు చూస్తే ఆమె మీద కూడా ఒళ్ళు మండేది. "అందరు సల్లగుండాలె" అని అబద్ధం చెప్పేదాన్ని. అందరూ ఆమెన్ అనేవాళ్ళు.

అయినా రొట్టెలకూ జడలకూ ఓర్చుకున్నాను. ఓర్వలేనిది కండెల దగ్గర వచ్చింది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం మా ఇళ్ళలో ఆడవాళ్ళ పని. మగవాడు నేసిన చీరకు పేరుంటుంది, చుట్టిన కండెకు ఉండదు. పెళ్ళయిన మొదటి నెల నుంచి మా ఆయన అంటున్న మాట ఒకటే. "నీ చెయ్యి వదులు. నీ కండె పెడితే పోగు తెగుతది." తెగని రోజు ఏమీ అనడు, తెగిన రోజు అంటాడు. వినీ వినీ నా చెయ్యి వదులని నేనే నమ్మాను. పక్కింటివాళ్ళు కండెలు చుట్టిపెట్టమంటే "నాది మంచిగ రాదు" అని నేనే తప్పుకునేదాన్ని. బాలమణి వచ్చిన నాలుగో రోజు, ఆయన ఆమె చుట్టిన కండె నాడెలో వేసి, నాలుగు వరసలు నేసి, "వా, ఏం చెయ్యి! వెన్న లెక్క నడుస్తుంది" అన్నాడు. అత్తమ్మ "నేర్సుకోవే" అంది నన్ను చూసి.

ఐదో రోజు పొద్దున, బాలమణి రాకముందు, నేనొక పాడు పని చేశాను. చరకా ముందు కూర్చుని ఇరవై కండెలు చుట్టి, ఆమె బుట్టలో అడుగున ఆమె కండెలుంటే, పైన నావి పెట్టాను. నా కండె పెడితే పోగు తెగుతుంది కదా. తెగనీ. ఆ వెన్న చెయ్యి బండారం బయటపడనీ. మరియమ్మ వేషంలో వచ్చిన ఆమెకు నాకు పడే తిట్లు నాలుగు పడనీ. ఆ పొద్దంతా గూట్లో పటం వైపు చూడలేదు.

మధ్యాహ్నం ఆయన బుట్ట అందుకుని మొదటి కండె పెట్టాడు. నేను పోగు తెగే చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. తెగలేదు. రెండోది పెట్టాడు. తెగలేదు. తొమ్మిదో కండె అయ్యేసరికి ఆయన పనిలో పడి కూనిరాగం తీస్తున్నాడు. "బాలమణీ" అన్నాడు, "నిన్నటికంటె ఇయ్యాల ఇంక మంచిగున్నయి. ఒక్క పోగన్న తెగలె సూడు. మా ఇంట్ల గిట్ల చుట్టేటోళ్ళు లేకనే నా నేత ఎనకవడ్డది."

బాలమణి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. బుట్టలోంచి ఒక కండె తీసి వేళ్ళతో తిప్పి చూసింది. చుట్టే మనిషికి తన చుట్టు తెలుస్తుంది, రాసేవాళ్ళకు తమ రాత తెలిసినట్టే. "సిద్ధరాములన్నా, ఇవి నావి కా..." అని మొదలుపెట్టి నా ముఖం చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె కండెను బుట్టలో వేసేసింది. చెప్పనివ్వవలసింది అని మీరంటారు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన కండె మళ్ళీ చూసి, "ఔనౌను, జర వదులుగనే ఉన్నయి" అంటాడు. ఆ మాట కూడా వింటే నేనింక బతకలేననిపించింది.

పెరట్లోకి పోయి నిలబడ్డాను. పదకొండేళ్ళు నా చేయి నా చేయే కాదనుకున్నాను. దాన్నే నేను తిట్టుకున్నాను. పోగు తెగడం నూలు తప్పో, వాన తేమ తప్పో, ఆయన కాలు తొక్కుడు తప్పో ఎన్నడూ కాలేదు, నా చెయ్యి ఒక్కటే తప్పు. ఏడుపు రాలేదు. రోషం వచ్చింది. చిత్రమేమిటంటే అప్పుడు కూడా బాలమణి మీద అసూయ పోలేదు, ఇంకా ఎక్కువైంది. నా పనిని నా పేరుతో కాకుండా ఆమె పేరుతో మెచ్చుకున్నాడు. నా మెప్పు కూడా ఆమెదే అయింది. ఆ సాయంత్రం ఆమె పాడుతుంటే నేను పెదవులు కూడా ఆడించలేదు.

ఎనిమిదో రోజు పటం నేను తీసుకుపోవాలి. పోవలసింది జోడ్‌భావి పేట్‌లో యమునాబాయి ఇంటికి. పటాన్ని తువ్వాలలో చుడుతుంటే మా ఆయన "జల్ది రా. ఇక్కడ కండెలెవరు చుడ్తరు?" అన్నాడు. బాలమణి వారం రోజులు ఏడింటి దాకా మా ఇంట్లో ఉన్నప్పుడు ఆమె ఇంటి పని ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. అత్తమ్మ "పుణ్యెం మంచిదే, మన ఇల్లు సూస్కోవాలె గద" అంది. నేను గొడుగు తీసుకుని బయటపడ్డాను.

యమునాబాయి చిన్నది. చంకలో ఎనిమిది నెలల పిల్లాడు, కళ్ళ కింద నలుపు. ఆమె మొగుడు మల్లప్ప పవర్లూమ్ కార్ఖానాలో పొద్దుటి షిఫ్టు చేసి మధ్యాహ్నం ఇంట్లో ఉంటాడు. నేను పటం గూట్లో పెట్టి, పిల్లాడి గుడ్డలు ఉతికి, ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమాను. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. అదే పని మా ఇంట్లో చేస్తే నడుము విరుగుతుంది, ఇక్కడ చేస్తుంటే పాట వస్తోంది. మల్లప్ప రెండుసార్లు "అయ్యో, అక్కా, మీకు కష్టమైతుంది" అన్నాడు. మంచి పిల్లవాడు. ఆ మాట చెవిలో పడగానే నా మనసు కూడా విచ్చుకుందని ఒప్పుకుంటాను. ఆహా, నేను చేసింది ఒకరికి కనబడింది కదా అనుకున్నాను. బాలమణి వారమంతా ఈ సుఖంలోనే ఉన్నదన్నమాట అనుకున్నాను.

నాలుగింటికి మల్లప్పే స్వయంగా స్టవ్ వెలిగించి చాయ్ పెట్టాడు. పాలు ఎక్కువ పోసి, అల్లం దంచి వేసి, ఒక గ్లాసులో పోసి, సాసర్ కింద పెట్టి నా ముందుకు తెచ్చాడు. "పని ఆపుండ్రి అక్కా. వచ్చినకాడి సంది నిలవడ్డరు. గిట్ల కూసొని తాగుండ్రి." గోడ పక్కనున్న ఒక్క కుర్చీ కూడా జరిపాడు.

గ్లాసు అందుకోబోతూ తల ఎత్తాను. మధ్య గది గడపలో యమునాబాయి నిలబడి ఉంది. పిల్లాడు రొమ్ము మీద, కొంగు జారిపోయి, చూపు గ్లాసు మీద. గ్లాసు నుంచి ఆ చూపు నా ముఖం మీదికి వచ్చింది. నాకు ఆ చూపు తెలుసు. వారం రోజులు గోడకు ఆనుకుని నేను ఇంకొకామె మీదికి విసిరిన చూపు అది. నన్ను చంపాలని ఉంది ఆ పిల్లకు. నేను అక్కడికి ఏ పాపం చేయడానికి రాలేదు, ఆమె గిన్నెలు తోమడానికి వచ్చాను. బాలమణి కూడా అంతే కదా, నా గిన్నెలే తోమింది.

గ్లాసు తీసుకున్నాను, తాగలేదు. పోయి యమునాబాయి చేతిలో పెట్టాను, పిల్లాణ్ణి నేను ఎత్తుకున్నాను. ఆమె బిక్కచచ్చి మొగుడి వైపు చూసింది. మల్లప్ప కంగారుపడి, "అరే, అది మీకోసం చేసిన, అక్కా" అన్నాడు.

"తెలుసు తమ్మీ" అన్నాను. "నేను ఏడొద్దులకు పోయేదాన్ని. పోయేదాన్ని అందరు సూస్తరు. పోనిదాన్ని సూడు, తమ్మీ."

అతను కుర్చీ వైపు చూశాడు, యమునాబాయి వైపు చూశాడు, స్టవ్ మీద ఇంకో గ్లాసు నీళ్ళు పెట్టాడు. యమునాబాయి కుర్చీలో కూర్చోలేదు గానీ, గడప మీద కూలబడి చాయ్ చివరిదాకా తాగింది. ఆ రోజు ప్రార్థన అయ్యేదాకా ఆగి, వాన వెలిశాక గొడుగు మూసి ఇంటిదారి పట్టాను. దారి పొడుగునా మల్లప్పతో అన్న ఆ మాటనే నోట్లో తిప్పుకుంటూ నడిచాను, తమ్మీ అన్నచోటల్లా సిద్ధరాములూ అని పెట్టి.