షిగెనో కుడిభుజం

సముద్రపు నాచు కోతలు ముగిసే రోజుల్లో షిగెనో అత్త కుడిభుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. జుట్టు ముడి వేయించుకోవడానికి, మునిగేవాళ్ళం బట్టలు మార్చుకుని చలి కాచుకునే మా గుడిసెలో నా ముందు కూర్చుని, "నవ్వకుండా వెయ్యి" అనేది. ఊపిరి బిగబట్టి సముద్రంలోకి మునిగి, రాళ్ళకు అతుక్కున్న అవాబి గుల్లల్ని పెళ్ళగించి తేవడం మా పని. నన్ను అందులోకి దింపింది ఆవిడే. డెబ్భై దాటినా, పడవ మీద లోతుకు పోయే గుంపులోనే ఉండేది.

ఆవిడ కూతురు మసుమి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తుంది. పొద్దస్తమానం ముసలివాళ్ళను లేపడం, కూర్చోబెట్టడం, మందులు మింగించడం. అదే చేత్తో తల్లిని కూడా కూర్చోబెట్టాలనుకుంది. ఒకరోజు ఆవిడతో మాటమాత్రం అనకుండా జాలరి సంఘం పెద్ద దగ్గరికి వెళ్ళి, ఈ ఏడాది నుంచి మా అమ్మ మునగదు, పేరు తీసెయ్యండి అని చెప్పి వచ్చింది. ఆయనకు అంతకంటే ఏం కావాలి? రేవు దగ్గర యాత్రికుల కోసం కొత్తగా కట్టిన గుడిసెలో, తెల్లబట్టలు కట్టుకుని గుల్లలు కాల్చిపెడుతూ పాత కబుర్లు చెప్పే బామ్మ కోసం ఆయన వెతుకుతున్నాడు.

ఆ సంగతి షిగెనో అత్తకు నిప్పు చుట్టూ చలి కాచుకుంటున్న మా ఆడవాళ్ళ నోటివెంటే తెలిసింది.

"నవ్వుతూ కూర్చోవాలంటనా?" అని అడిగింది నన్ను.

"ఫొటోలు కూడా తీస్తారట అత్తా."

"చచ్చాక తీసుకోమను. అప్పుడైతే కదలను." చేతిలోని పుల్లను విరిచి మంటలో పడేసింది. "రేపు కారు తియ్యి కినుయె. కురొమియ గారి దగ్గరికి పోదాం. అవాబి వేట మొదలయ్యేలోపు ఈ చెయ్యి లేవాలి."

మర్నాడు కారు తీసేసరికి మసుమి సంచీ పట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. "నేనూ వస్తున్నా కినుయె అక్కా" అంది. తల్లి వెనక్కి తిరిగి చూడలేదు.

కురొమియ గారి షియాత్సు శాల పట్నంలో, స్టేషను వెనక సందులో ఉంటుంది. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. బొటనవేళ్ళతో నొక్కి ఒళ్ళు సరిచేసే ఆ విద్య నేర్చుకుని, అదే ఇంట్లో ఒంటరిగా ఏళ్ళ తరబడి నడుపుతోంది. మా గుడిసెలోని వీపులన్నీ ఆవిడకు తెలుసు. గురువుగారు అన్నట్టుగా మేమంతా ఆవిణ్ణి 'సెన్సే' అని పిలుస్తాం. గుమ్మంలో మేము చెప్పులు విప్పుతుండగానే, "ముగ్గురొచ్చారే. షిగెనో గారూ, కుడిచెయ్యి ఒంటికి కట్టేసుకున్నట్టు నడుస్తున్నారేం?" అంది.

"దాన్ని విప్పించుకుందామనే వచ్చాను సెన్సే."

షిగెనో అత్త వదులు బట్టలు మార్చుకోవడానికి తెర వెనక్కి వెళ్ళింది. ఆ కాస్త సందులో మసుమి కురొమియ గారి దగ్గరగా జరిగి గొంతు తగ్గించింది. "సెన్సే, ఇక మునగొద్దని మీరొక్క మాట చెప్పండి. నేను చెప్తే వినదు. మీరంటే వింటుంది."

ఆవిడ పరుపు సర్దుతూ, "టీ అక్కడుంది, పోసుకోండి" అంది.

చాపల నేల మీద పరుపు. షిగెనో అత్త బోర్లా పడుకుని తలగడలో మొహం దూర్చింది. కురొమియ గారు వీపు మీద పల్చటి నూలుగుడ్డ పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, వెన్నుపూస పక్కనుంచి మొదలుపెట్టింది. బలంతో నొక్కదు ఆవిడ. ఒళ్ళంతా ముందుకు వాల్చి, బొటనవేలు దానంతటది దిగేదాకా ఆగుతుంది. తర్వాత నెమ్మదిగా తీసి ఇంకాస్త పైకి జరుగుతుంది. రెక్క ఎముక కింద వేలు దిగినప్పుడు షిగెనో అత్త పరుపును పిడికిట్లో బిగించింది. నేను టీ ఊదుకుంటూ కూర్చున్నాను.

"మీకు మునగొద్దని చెప్పమంది మీ అమ్మాయి," అంది కురొమియ గారు, నొక్కుడు ఆపకుండానే.

మసుమి టీ గిన్నె నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏమందీ?" అని తలగడలోంచి వినిపించింది.

"నా నోటితో చెప్తే వింటారట. నేను ఒళ్ళు నొక్కుతాను గానీ ఒకరి మాట నాదని చెప్పి ఇంకొకరికి ఎక్కించను. అందుకని ఎవరి మాటో చెప్పేశాను."

షిగెనో అత్త లేవబోయింది. కురొమియ గారి మోచెయ్యి నడుం మీద ఆనింది. "లేవకండి. ఇప్పుడు లేస్తే మెడ కూడా పట్టేస్తుంది. తిట్టాలంటే పడుకునే తిట్టండి."

ఆవిడ పడుకునే తిట్టింది. "సంఘం పెద్ద దగ్గరికి ఒకసారి పోయావు, సెన్సే దగ్గరికి ఒకసారి వచ్చావు. నా దగ్గరికి ఎప్పుడొస్తావే? ఒడ్డుకు లాగి కట్టెయ్యడానికి నేనేమన్నా పడవనా?"

"నీ దగ్గరికొస్తే ఏం చేస్తావు? వినకుండా లేచి బియ్యం కడుగుతావు." మసుమి గొంతు కూడా లేచింది. "పోయినేడు పక్క రేవులో ఒకావిడ మునిగి పైకి రాలేదు. వెతకడానికి పోయినవాళ్ళలో నువ్వూ ఉన్నావు. ఇంటికొచ్చి మామూలుగా అన్నం తిన్నావు. నాకు ముద్ద దిగలేదు."

"తినకపోతే ఆవిడ తిరిగొస్తుందా?"

"చిన్నప్పుడు బడి నుంచి వచ్చి గట్టు మీద కూర్చునేదాన్ని. నువ్వు పైకి తేలి ఈల వేసినట్టు ఊపిరి వదిలేదాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. నీకు అలవాటైంది. నాకు ఈరోజుకీ కాలేదు."

షిగెనో అత్త మొహం పక్కకు తిప్పి, "ఎప్పుడూ చెప్పలేదేం?" అంది.

"చెప్తే మానేసేదానివా?"

"మానేదాన్ని కాదు."

కురొమియ గారు ఆవిణ్ణి పక్కకు తిప్పి, చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి లేపింది. చెవి దాటింది. ఇంకొంచెం లేపేసరికి షిగెనో అత్త పళ్ళు బిగించింది.

"ఈ భుజం పనైపోయిందా సెన్సే?"

"అయిపోలేదు. కానీ కొత్తది చేసి ఇవ్వలేను. తలమీదికి చాపితే పట్టేస్తుంది. లోతులో ఉన్నప్పుడు పట్టేస్తే ఏమవుతుందో నాకంటే మీకే తెలుసు."

"అంటే పోవద్దనా?"

"నేను అనలేదు. చిన్నప్పటినుంచీ అందరూ నన్ను అటు పోవద్దు, ఇటు పోవద్దు అన్నవాళ్ళే. ఆ మాట ఇంకొకరితో అనడానికి నాకు నోరు రాదు."

పని అయ్యాక ఆవిడ మసుమి వైపు తిరిగింది. "ఇప్పుడు మీరు పడుకోండి."

"నాకేం నొప్పుల్లేవు."

"రోజంతా మనుషుల్ని ఎత్తే నడుం. మాటలోనే తెలుస్తోంది. పడుకోండి."

మసుమి గొణుక్కుంటూ పడుకుంది. మెడ కింద వేళ్ళు పెట్టిన కాసేపటికే ఏడుపు వచ్చింది, దాన్ని తలగడలోనే మింగింది. ఇంకాసేపటికి గురక మొదలైంది.

షిగెనో అత్త కూతురి వంక చూస్తూ చొక్కా బొత్తాలు పెట్టుకుంది. నా చెవి దగ్గరికి వచ్చి, "సంఘం ఆఫీసు తెరిచే ఉంటుంది కదా?" అంది.

"మసుమి లేస్తే?"

"లేస్తే టీ తాగుతుంది. పద."

"నేను లేపనులెండి," అంది కురొమియ గారు.

కారులో మళ్ళీ మా రేవుకు వెళ్ళేసరికి, ఆఫీసులో సంఘం పెద్ద మమ్మల్ని చూసి నిలబడ్డాడు. ఒకప్పుడు ఇదే రేవులో షిగెనో అత్త దగ్గర ఈత నేర్చుకున్నవాడు. "అదేంటి పిన్నీ, మీ అమ్మాయి వచ్చి చెప్పిందిగా" అన్నాడు.

"మా అమ్మాయి మునుగుతుందా?"

"లేదు."

"మరి దాని మాట మీద నా పేరెలా కొట్టేశావు? మళ్ళీ పెట్టు."

"వయసైంది కదా పిన్నీ. కొత్త గుడిసెలో అయితే వెచ్చగా, హాయిగా..."

"బామ్మ కావాలంటే నువ్వే తలకు గుడ్డ కట్టుకుని కూర్చో. గడ్డం గీసుకుంటే చాలు."

పక్క బల్ల దగ్గరి అమ్మాయి తల దించుకుని నవ్వింది. ఆయన షిగెనో అత్త పేరు మళ్ళీ రాశాడు.

మేము పట్నం తిరిగొచ్చేసరికి మసుమి కురొమియ గారి గుమ్మంలో నిలబడి ఉంది. చెంప మీద తలగడ మడత అచ్చు పడింది. ఎక్కడికి వెళ్ళామో అడగలేదు. దారంతా కిటికీలోంచి బయటికే చూసింది.

వేట మొదటిరోజు గాలి లేదు గానీ నీళ్ళు గడ్డకట్టేంత చల్లగా ఉన్నాయి. గుడిసెలో షిగెనో అత్త రబ్బరు సూటు వేసుకోబోయి సగంలో ఇరుక్కుంది. నేను లేచేలోపే మసుమి లోపలికి వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది.

"నొప్పి చెయ్యి ముందు దూర్చాలి. మా ముసలాళ్ళకైనా తెలుసు." తొడిగించి, వీపు జిప్పు పైకి లాగింది. "ఒప్పుకున్నానని కాదు."

"నిన్ను ఒప్పుకోమని ఎవరడిగారు?"

పడవ మమ్మల్ని లోతు రాళ్ళ దగ్గర దింపింది. మొదట్లో ఆవిడ బాగానే మునిగింది, ఒక అవాబి కూడా తెచ్చింది. ఇంకోసారి నేను పక్కనే ఉన్నాను. రాతి చూరు కింద పెద్ద గుల్ల కనిపిస్తోంది. గుల్లలు పెళ్ళగించే చిన్న గునపం పట్టుకున్న చెయ్యిని ఆవిడ పైకి చాపింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. గునపం వేళ్ళలోంచి జారి కిందికి పోయింది. నేను చేరేలోపే ఎడంచేత్తో నీళ్ళు తోసుకుంటూ పైకి తేలి, గుల్లలు వేసుకునే తన తెప్పను కావిలించుకుంది. పెదాలు నల్లబడ్డాయి.

"పడవెక్కు అత్తా."

"ఎక్కను."

ఊపిరి కుదుటపడేదాకా ఆగి, తెప్పను ముందుకు తోసుకుంటూ ఒడ్డు రాళ్ళ వైపు ఈదింది. అక్కడ నీళ్ళు నడుం కంటే కాస్త ఎక్కువ. వేట ముగిసిన గంట మోగేదాకా ఎడంచేత్తోనే చిన్న గుల్లలు ఏరింది. గట్టు మీద మసుమి నిలబడే ఉంది. డ్యూటీకి పోలేదు.

గుడిసెలో నిప్పు దగ్గర, వణుకు తగ్గాక, షిగెనో అత్త అందరూ వినేట్టు చెప్పింది. "రేపటినుంచి నేను పడవెక్కను. ఒడ్డు రాళ్ళ దగ్గరే."

మసుమి నోరు తెరిచింది.

"నువ్వు మాట్లాడకు. ఇది నీ మాట కాదు, ఆ పెద్దమనిషి మాటా కాదు. నేను పోయి చూసొచ్చి చెప్తున్న మాట."

"ఒడ్డు రాళ్ళ దగ్గర మాత్రం అలలుండవా?"

"ఉంటాయి. అలల్లేని చోటు కావాలంటే మీ కేంద్రంలో చేరతాను, అదీ నాకు బుద్ధి పుట్టినప్పుడు."

"నిన్ను మా కేంద్రంలో ఎవరూ చేర్చుకోరులే."

ఆ మాటకు గుడిసె అంతా నవ్వింది, వాళ్ళిద్దరూ తప్ప. సోయా రసం పోసిన గుల్లలు మంట మీద బుడబుడలాడుతున్నాయి. మసుమి అందులో అన్నిటికంటే పెద్దదాన్ని తీసుకుని, తల్లికి ఇవ్వకుండా తనే తింది.