రాయుడి మంద

లక్ష్మీప్రియ నవ్వు విని గురుప్రసాద్ మెట్ల మీదే ఆగిపోయాడు. పెళ్లయిన కొత్తల్లో విన్న నవ్వు అది. ఈ మధ్య తన ముందు ఆమె అలా నవ్విందే లేదు.

తలుపు తోసి చూస్తే గదిలో ఆమె ఒక్కతే ఉంది. చేతిలో ఫోన్. తెర మీద పచ్చిక బయలు, పెంకుటిల్లు, దొడ్డి నిండా గొర్రెలు. వాటి మధ్య తలపాగా చుట్టిన మీసాల బొమ్మ ఒకటి చేతులు ఊపుతోంది.

"ఎవరతను?"

"రాయుడు మామ. మా పక్కిల్లు," అని ఫోన్ బోర్లించి, నీళ్లు తెచ్చే మిషతో లేచి వెళ్లింది.

పచ్చనూరు అనే ఆ యాప్ సంగతి అతడికి తెలియంది కాదు. అందులో చేరితే ఒక ఇల్లు, ఒక చేను, ఇరుగుపొరుగు అన్నీ దొరుకుతాయి. బొమ్మ మనుషులు ఒకరింటికొకరు పోతారు, రచ్చబండ దగ్గర కూర్చుని రాతలో కబుర్లు చెప్పుకుంటారు. ఆటే కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నాడు. మామ అన్న ఆ ఒక్క మాటే చెప్పులో ముల్లులా గుచ్చుకుంది. సీమలో దారిన పోయేవాణ్ణయినా మామా అని పిలుస్తారు, నిజమే. కట్టుకున్న తనను మాత్రం ఆమె ఇదిగో అనే పిలుస్తుంది.

ప్రొద్దుటూరులో గురుప్రసాద్‌ది మ్యాచింగ్ సెంటర్. చీర అంచు చూపిస్తే చాలు, దానికి సరిపోయే జాకెట్ గుడ్డ చప్పున లాగే కన్ను అతడిది. ఆ కన్నిప్పుడు పెళ్లాం ముఖం మీద పడింది. ఏ పూట ఆ ముఖం వెలుగుతోంది, ఏ పూట వాడుతోంది, అన్నీ లెక్కగట్టుకున్నాడు. వెలుగంతా ఫోన్ వైపే ఉంది.

ఇంట్లో చెప్పుకుందామన్నా మనిషి లేదు. తల్లి సంజీవమ్మ ముందు గదిలో, అతడిచ్చిన పాత ఫోన్లో భజన పాటలు వింటూ గోడవైపు తిరిగి పడుకుంటుంది. కోడలితో ఆమెకు మాటల్లేవు. సంజీవమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కంబళిని చిమటలు కొట్టేశాయని లక్ష్మీప్రియ బయట పారేసింది. ఆ పూట మొదలు ఇద్దరి నోళ్లూ మూతపడ్డాయి. మీ అమ్మ కాఫీ తాగుతుందేమో అడుగు అని ఈమె, కాఫీలో చక్కెర ఎక్కువైందని చెప్పు అని ఆమె. మధ్యలో తిరగలి గింజలా గురుప్రసాద్.

గిరాకీ లేని ఒక మధ్యాహ్నం అంగట్లో కూర్చుని తనూ పచ్చనూరులో చేరాడు. పేరు వసంత. పట్టుచీర, జడలో కనకాంబరాలు. నేరుగా రచ్చబండ దగ్గరికి నడిచి ఓ మూల నిలబడి చదవసాగాడు.

మా ఆయన పొద్దున్నుంచి మూతి ముడుచుకొని కూచున్నాడు మామా, అని రాసింది లక్ష్మీప్రియ.

ఆకలైతే వాడంతే, ముందు కూడు పెట్టి తర్వాత మాట్లాడు, అని రాశాడు రాయుడు.

గురుప్రసాద్ చెవులు కాలిపోయాయి. ముక్కూ ముఖం తెలియని మీసాలోడు తనను వాడు అంటున్నాడు. అది చాలదన్నట్టు కింద ఇంకో మాట. నువ్వు చెప్పినట్టే చెనిక్కాయల చట్నీ నూరినా మామా, మా ఆయన అడిగి అడిగి వేయించుకున్నాడు. ఆ సాయంత్రం కంచంలో అదే చట్నీ వచ్చింది. సంగటి ముద్ద పక్కకు తోశాడు. ఒంట్లో బాగలేదని లేచిపోయాడు.

మరునాడు వసంత సిగ్గు విడిచి రాయుణ్ణే అడిగింది, మీదే ఊరు, పెండ్లైందా అని. రాయుడు లేచిపోయి తన దొడ్డి గేటు మూసుకున్నాడు. గేటు సందులోంచి మందను చూస్తున్న గురుప్రసాద్‌కు అప్పుడు కనిపించింది. ప్రతి గొర్రెకూ ఎడమ చెవి మీద జంట కోత.

పచ్చనూరులో గొర్రె రంగు మార్చుకోవచ్చు, కొమ్ములు తిప్పుకోవచ్చు, చెవులు కత్తిరించుకోవచ్చు. కానీ బొమ్మ గొర్రెకు చెవి కోసేది ఎవరు? మందలు కలిసిపోయినప్పుడు ఏవి ఎవరివో తెలియడానికి ఇంటికో కోత పెట్టుకునే గొర్రెలోళ్లే. ఈ కోతను అతడు చూశాడు కూడా. పెళ్లి విందుకు చక్రాయపేట పోయినప్పుడు, లక్ష్మీప్రియ మేనమామ మందలో. ఆ మేనమామ కొడుకు ఓబులేసు. తనకంటే ముందు లక్ష్మీప్రియను పెళ్లికి అడిగినవాడు.

ఇంక ఆగలేకపోయాడు. షట్టర్ దించి పులివెందుల బస్సెక్కాడు. దారిలో జమ్మలమడుగులో ఉన్న మామ గంగులయ్యకు ఫోన్ చేసి, వచ్చి నీ కూతుర్ని తీసుకుపో అని చెప్పాడు. ఎందుకని ముసలాయన అడిగేలోగా పెట్టేశాడు. పులివెందులలో బస్సు మారి చక్రాయపేటలో దిగేసరికి కోపం పొంగి కుండ దాటింది.

ఓబులేసు గుట్ట కింద మంద మేపుతున్నాడు. ఆప్యాయంగా ఎదురొచ్చి, ఏందన్నా చెప్పకుండా వచ్చినావు అన్నాడు.

"నీ ఫోన్ తీ."

ఓబులేసు జేబులోంచి తీశాడు. నొక్కుడు బటన్ల డబ్బా ఫోన్. ఊడిపోకుండా రబ్బరు బ్యాండు కూడా వేసి ఉంది.

అందులో పచ్చనూరు పట్టదు. అయినా గురుప్రసాద్ తన ఫోన్లో దాచుకున్న గొర్రె బొమ్మ చూపించి, ఈ కోత మీది కాదా అని గద్దించాడు. ఓబులేసు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఫోన్ చూశాడు.

"మాది కుడి చెవన్నా. ఇది మీ అమ్మ పుట్టింటోళ్ల కోత."

"మీ మందలో ఉన్నాయి గదా ఇవి?"

"ఉండాయి. మీ అమ్మకు పెండ్లిలో పుట్టింటోళ్లు అరణం ఇచ్చిన గొర్రెలు. నువ్వు శానా చిన్నోడివి, మీరు ప్రొద్దుటూరుకు కాపురం మారేటప్పుడు మా నాయనకు అమ్మింది. ఒకే మాట అడిగిందంట, వాటి పిల్లలకు కూడా ఈ కోతే వెయ్యండి, మార్చొద్దని. ఈ పొద్దుటికీ అట్లనే వేస్తాండాం." నవ్వాడు. "నువ్వు గుడ్డలమ్మేటోడివి, నీకెట్ల తెలుస్తాది లే."

భజన పాటలు. గోడవైపు తిరిగి పడుకున్న తల్లి. ఆకలైతే వాడంతే. ఒక్కొక్కటీ చెంప మీద కొట్టినట్టు గుర్తొచ్చింది. గబగబా గంగులయ్యకు ఫోన్ కలిపాడు. ఎత్తలేదు. ఇంకోసారి, మరోసారి. ఎత్తలేదు. తిరుగు బస్సు ఎప్పుడొచ్చింది, ఎట్ల ఎక్కాడు, ఏదీ అతడికి గుర్తులేదు. తను పెట్టిన నిప్పు తన ఇంటి కప్పు దాకా పోకముందే చేరుకోవాలి, అంతే.

చేరేసరికి వసారాలో గంగులయ్య కూర్చుని ఉన్నాడు. లక్ష్మీప్రియ చేతిలో బట్టల సంచి. కళ్లు ఎర్రగా ఉన్నా గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఏం తప్పు చేసినానో మా నాయన ముందర చెప్పు. చెప్పినంక పోతా."

చెప్పడానికి అతడి దగ్గర ఏముంది? రాయుడు, గొర్రె చెవి, వసంత. ఆ రాయుడు అని మొదలుపెట్టి ఆపేశాడు. తప్పు నాదే అనబోయాడు. ఆ లోగా ముందు గది తలుపు తెరుచుకుని సంజీవమ్మ వచ్చింది. కొడుకు వైపు చూడలేదు. నేరుగా కోడలి చేతిలోంచి సంచి లాక్కుంది.

"ఇది యాడికీ పోదు. ఆ రాయుణ్ణి నేనే."

లక్ష్మీప్రియ తలెత్తి అత్త ముఖంలోకి చూసింది.

"తెలుసు మామా."

సంజీవమ్మ చేతిలో సంచి జారింది. ఎప్పటినుంచి తెలుసని అడిగింది. చట్నీలో చింతపండు కాదు, పచ్చి చింతకాయ తొక్కి వెయ్యమన్నప్పుడే అంది కోడలు. ఆ రుచి ఈ ఇంట్లో తప్ప ఇంకెక్కడా చూడలేదట. తెలిసిందని చెబితే రాయుడు మామ ఊరు వదిలి పోతాడని భయపడి ఊరుకుందట. మీసాలు ఎందుకు పెట్టుకున్నావని అడిగితే, ఆడపేరుంటే ప్రతి ఎదవా వచ్చి హాయ్ అంటాడని చెప్పి సంజీవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. మధ్యలో కంబళి మాట వచ్చి లక్ష్మీప్రియ ఏడ్చింది, సంజీవమ్మ ఆమె తల నిమిరింది. రాయుడెవరో మామెవరో అర్థంగాక గంగులయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"కూడు తిని పో నాయనా," అంది లక్ష్మీప్రియ తండ్రితో. "నేను ఈడనే ఉంటా. ఈ మనిషి కోసం మాత్రం కాదు."

ఈ మనిషి తలొంచుకుని విన్నాడు.

తర్వాతి మధ్యాహ్నం అంగట్లో కూర్చుని ఉండబట్టలేక పచ్చనూరు తెరిచాడు. అక్కడ ఇద్దరూ ఉన్నారు. ఇంట్లో మాటలు కలిసినా ఆ ఊరు మాత్రం వదల్లేదు. తలపాగా రాయుడు గొర్రెలను అదిలిస్తుంటే లక్ష్మీప్రియ గంప పట్టుకుని వెంట నడుస్తోంది. గేటు మూసే ఉంది. ఆ దొడ్డిలో చోటు కోసం మళ్లీ కడుపు మండింది. ఈసారి ఎవరి మీదో తెలియలేదు. ఇద్దరి మీదా కావచ్చు.

నన్నూ లోపలికి రానీయండి, అని రాసింది వసంత.

మీసాల బొమ్మ గేటు దాకా నడిచొచ్చి ఆగింది. తెర మీద ఒక్కొక్క అక్షరం నిదానంగా పడింది.

అంగడి చూసుకో పో నాయనా.