అక్క కొప్పుకు అల్లిన టోపీ

టోపీ అల్లడానికి లేత కొబ్బరి మొవ్వు పొరలను ఉడకబెట్టి ఎండలో ఆరేస్తుంటే మా ఆయన మెతువా అన్నాడు: "నీకేమే, నీడన కూర్చుని అల్లుకోవడమేగా! వల లాగితే తెలుస్తుంది కష్టమంటే."

నీడట! పొయ్యి సెగకి నేను, ఎండకి నేను. పొరలు ఒలిచి ఒలిచి చీలిన గోళ్ళతోనే ఆయన చేపల కూరకి కొబ్బరి కోరేదీ నేనే. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనల్లిన టోపీలన్నీ ఆయన చేతుల మీదుగానే ఈ దీవి దాటాయి. "మా ఇంటి కానుక" అంటాడు. ఆ ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ తోచదు.

ఈసారిది మాత్రం మా అక్క తెపయేరుకి. వైద్యానికి ఓడెక్కి, పెద్దాసుపత్రి ఉన్న రారొటోంగా దీవికి వెళ్తోంది. అలా వెళ్ళిన అమ్మ తిరిగి రాలేదు. నా పెద్దకూతురూ రాలేదు. గట్టు మీద నిలబడి చూస్తుంటే ముందు మొహాలు మాసిపోతాయి, తెల్ల టోపీ ఇంకాసేపు కనబడుతుంది. ఆ కాసేపటి కోసమే అల్లాను, అక్క కొప్పు పట్టేలా ఎత్తు పెంచి.

ఓడ వచ్చాక వీడ్కోలు విందులో మెతువా లేచి, దీవికి పని మీద వచ్చి తిరిగి వెళ్తున్న ప్రభుత్వ అధికారి నెత్తిన, నాకు చెప్పకుండా తెచ్చిన ఆ టోపీ పెట్టేశాడు. "మా ఇంటి కానుక! దగ్గరుండి అల్లించాను."

టోపీ కనుబొమలు దాటి జారింది.

"అయ్యగారి మొహం ఎటు పోయిందమ్మా?" అంది ఆడవాళ్ళలో ఎవరో. అందరూ నవ్వారు.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "పోనీలేవే. రేపో మాపో రాలిపోయే తలకి టోపీ ఎందుకు?"

ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి అధికారి ముందు నిలబడ్డాను.

"అయ్యా, అది మా అక్కకి నేనల్లింది. ఇచ్చేయండి."

ఆయన గబుక్కున తీసి ఇచ్చాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ టోపీ పెట్టి అక్కని ఓడెక్కించి ఇంటికొచ్చేసరికి మెతువా గుమ్మంలోనే కూర్చుని కాచుకుని ఉన్నాడు.

"ఊళ్ళో నా పరువు తీశావు కదే! వచ్చే ఓడకి ఇంకోటి పంపిస్తానని ఆ అధికారికి మాటిచ్చాను. రేపే మొదలుపెట్టు."

లోపలికెళ్ళి పొరల కట్ట తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

"మాటిచ్చింది నువ్వు. అల్లేదీ నువ్వే."

"మతి పోయిందా నీకు?"

నా చాప చుట్టుకుని, ఖాళీగా ఉన్న అక్క ఇంటి వైపు నడిచాను.

"ఒసేయ్, మళ్ళీ ఎప్పుడొస్తావే?" అని వెనకనుంచి అరిచాడు.

ఇన్నేళ్ళూ గట్టు మీద నిలబడి ఆ మాట అడుగుతూ వచ్చింది నేను.