పన్నెండో పేజీ

"చిక్కుడు గింజలు అడుగంటనివ్వకు దేసా. పోయినసారి మాడు వాసన వచ్చిందని రాదొయె ఇంకా ఎత్తిపొడుస్తున్నాడు."

పొద్దున ఆరింటికి బయల్దేరుతూ వుకోటా అన్న మాట అది. క్యాంపర్ వ్యాన్ మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్లు బిగించుకున్నాడు, స్నేహితుడు రాదొయె వీపు మీద ఒకటి చరిచాడు, ఇద్దరూ గడ్డివాలు వెంట పైకి వెళ్లిపోయారు. సెద్లో కనుమలో వ్యానూ, వ్యానులో అతని భార్య దేసాంకా, ఎదురుగా బోబొతోవ్ కుక్ శిఖరం మిగిలారు.

ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేశాక వుకోటా ఈ వ్యాను కొన్నాడు. మోంటెనెగ్రోలో ఉన్న పెద్ద కొండలన్నీ ఎక్కేద్దాం, ఇద్దరం తిరుగుదాం అన్నాడు. ఆ "ఇద్దరం" అన్న మాటకి దేసాంకా కొత్త పెళ్లికూతురిలా సంబరపడి, చలికాలంలో బజారుకెళ్లడానికని అబద్ధం చెప్పి ఒక జత కొండబూట్లు కూడా కొనుక్కుంది. తీరా చూస్తే జరిగింది ఒకటే, వంటింటికి చక్రాలొచ్చాయి. అతను ఎక్కుతాడు, ఆవిడ ఊటల నుంచి నీళ్ల డబ్బాలు మోస్తుంది. అతను దిగేసరికి కాఫీ పొంగాలి, రొట్టె వేడిగా ఉండాలి, తడిసిన మేజోళ్లు తాడు మీద ఆరాలి. "వ్యాను ఒంటరిగా వదిలేస్తే ఎలాగే, సామానుంది కదా" అంటాడు. కొత్త బూట్లు ఉల్లిపాయల బుట్ట వెనక అలాగే ఉన్నాయి. అత్తగారు బతికున్న రోజుల్లో అనేది: "మా ఇంటి ఆడవాళ్లు కొండెక్కేది గొర్రెల కోసం కోడలా, గాలి కోసం కాదు." ఆవిడ పోయి తొమ్మిదేళ్లయినా ఆ మాట మాత్రం వ్యానెక్కి వెంట వస్తూనే ఉంది.

పెళ్లికి ముందు దేసాంకా నిక్షిచ్ ఊరి పర్వతారోహణ సంఘంలో సభ్యురాలు. ఇరవై ఒకటో ఏట ఇదే శిఖరం మీద, ఎక్కేవాళ్లు పట్టుకోవడానికి రాతికి బిగించిన చివరి ఇనపతాడు దాకా వెళ్లింది. అప్పటికి పెళ్లి ఖాయమైన వుకోటా వెంట ఉన్నాడు. అక్కడ అతని మోకాలు మెలిపడితే భుజం ఆసరా ఇచ్చి కిందకి దింపింది. పెళ్లి విందులో అతను అందరికీ చెప్పాడు, "తాడు చూసి దేసా బెదిరిపోయింది, పోనీలే పాపమని దిగొచ్చేశాం" అని. అందరూ నవ్వారు. గ్లాసుల్లో సారా పోస్తూ తనూ నవ్వింది. ఆ నవ్వు ముప్పై మూడేళ్లుగా ఆవిడ గొంతులో ముల్లులా ఉండిపోయింది. అంతకన్నా బాధ, ఆ మిగిలిపోయిన కాస్త ఎత్తు. బట్టలు ఉతుకుతుంటే, పిల్లలకి జ్వరమొస్తే, ఆఫీసులో ఫైళ్లు సర్దుతుంటే, ఆ తాడు పైన ఏముంటుందో అనుకునేది. అవతలి పక్క రెండు సరస్సులు కనపడతాయంటారు.

సంఘం వాళ్లు ఇచ్చే కొండల పుస్తకంలో పన్నెండు పేజీలు, పేజీకొక శిఖరం. శిఖరం మీద ఇనపపెట్టెలో ముద్ర ఉంటుంది, ఎక్కినవాళ్లు తమ పుస్తకంలో వేసుకోవాలి. మొదటి కొండ దిగొచ్చిన రోజు వుకోటా ఆవిడ పుస్తకం కూడా తీసి ఒళ్లో పడేశాడు. "నీదాంట్లో కూడా ముద్ర కొట్టేశాను. మొగుడూ పెళ్లాలం, వేరేనా ఏంటి?" ప్రేమగానే అన్నాడు. ఆవిడ ఆ పుస్తకాన్ని చెంచాల సొరుగులో పెట్టేసింది. అలా పదకొండు పేజీలు నిండాయి. శరదృతువులో సంఘం మీటింగులో దంపతులిద్దరికీ బ్యాడ్జీలు పెడతారట.

నిన్న సాయంత్రం పక్క గుడారంలోని పిల్ల యొవానా ఆ పుస్తకం తిరగేసి కళ్లు పెద్దవి చేసింది. "పిన్నీ, మీరు మాగ్లిచ్ శిఖరం కూడా ఎక్కారా! పై నుంచి సరస్సు నిజంగా గుండె ఆకారంలోనే కనపడుతుందా?"

దేసాంకా పుస్తకం అందుకుని మూసేసింది.

"అచ్చం గుండెలానే!" అన్నాడు వుకోటా వెనక నుంచి. "మా ఆవిడకి చెప్పడం రాదులే, పైకెళ్తే ఆయాసంతో కళ్లు మూసుకుంటుంది."

తల కొట్టేసినట్టయింది. తను చూడని సరస్సు గురించి తన తరఫున ఇంకొకరు జవాబు చెప్పారు. అందులోనూ తను చేతకానిదై తేలింది. రాత్రి పడుకునే ముందు ఒక్కటే అనుకుంది: పన్నెండో పేజీ ఖాళీగా ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

పొద్దున నీళ్లు మోసుకొచ్చి, తొమ్మిదింటికి చిక్కుడు గింజలు కడిగి, పొగబెట్టిన మాంసంతో కలిపి పొయ్యి మీద పెట్టింది. చెంచాల సొరుగు లాగింది. పుస్తకం లేదు. చెంచాలన్నీ బయటికి తీసి చూసింది. వుకోటా తీసుకుపోయాడు.

అరుద్దామనిపించింది, ఎవరి మీద అరవాలి? కుండ ఉడుకు పట్టేదాకా అక్కడే నిలబడి, పొయ్యి ఆపి, మూతపెట్టింది. ఉల్లిపాయల బుట్ట పక్కకి జరిపి బూట్లు తీసింది. వ్యానుకి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుంది.

మొదటి గంట నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి వ్యాను వంక చూసింది. తర్వాత కాళ్లు వాటంతట అవే పని అందుకున్నాయి. ఎన్నేళ్లుగానో నీళ్ల డబ్బాలు మోసిన కాళ్లు అవి. బరువు లేకుండా నడవడం ఇంత హాయిగా ఉంటుందని మర్చేపోయింది.

శిఖరానికి కాస్త కింద, కొండ సన్నబడే చోట ఇద్దరూ దిగుతూ ఎదురయ్యారు. ఇంతసేపూ పైనే కూర్చుని తాగినట్టున్నారు, రాదొయె బుగ్గలు సారాతో ఎర్రబడ్డాయి.

"ఏమైంది? వ్యాను?" అన్నాడు వుకోటా కంగారుగా.

"వ్యాను కిందే ఉంది."

"మరి నువ్వెందుకొచ్చావ్? నీది కొట్టేశాగా!" పుస్తకం తీసి చాచాడు. పన్నెండో పేజీలో ముద్ర నీలంగా మెరుస్తోంది. "అయిపోయిందే, దిగు. ఆ తాడు దగ్గర మళ్లీ బెదిరిపోతావ్."

"అప్పుడు మెలిపడింది నీ మోకాలు" అంది దేసాంకా. "ఎవరూ బెదరలేదు."

రాదొయె వుకోటా వంక చూశాడు. వుకోటా బూట్ల వంక చూసుకున్నాడు. ఇంత చిన్న మాట అనడానికి ఇన్నేళ్లు పట్టిందా అని ఆవిడకే ఆశ్చర్యమేసింది.

పుస్తకం ఆవిడ అందుకోలేదు. అతని భుజానికున్న నీళ్ల సీసా తీసుకుని, తాళంచెవి అతని చేతిలో పెట్టింది. "చిక్కుళ్లు సగం ఉడికాయి. పొయ్యి వెలిగించు, పక్కనే ఉండి కలుపుతుండు."

ఇనపతాడు చల్లగా తగిలింది. పట్టు వదల్లేదు. ఒంటిగంట దాటుతుండగా పైన ఎక్కడానికి ఇంకేమీ మిగల్లేదు. కింద రెండు సరస్సులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇన్నాళ్లూ వాటిని నీలం అనుకుంది. పచ్చగా ఉన్నాయి. దేసాంకా కూర్చుని ఏడ్చింది, కాసేపు తనివితీరా.

తర్వాత ఇనపపెట్టె తెరిచింది. ముద్ర జోలికి పోలేదు. ఎక్కినవాళ్లు పేర్లు రాసే నోటుపుస్తకంలో ఆ రోజు పేజీ తీసింది. వుకోటా గుండ్రటి చేతిరాత: "ఉదయం తొమ్మిది. వుకోటా, దేసాంకా."

పెన్సిలు తీసుకుని ఆ కిందే రాసింది:

"పైన రాసిన దేసాంకా ఆ వేళకి కింద చిక్కుడు గింజలు కడుగుతోంది. మధ్యాహ్నం ఒంటిగంటా పది. నేను వచ్చాను."