కాగితం అంటించిన రికార్డు

క్లైవ్ గ్రిమ్‌షా ఆ రికార్డు పెట్టగానే హాల్లో యాభై మంది కుర్చీలు వదిలి లేచారు. వాళ్ళలో మోకాలి చిప్పలు మార్పించుకున్నవాళ్ళు ముగ్గురు, నడుముకి పట్టీ కట్టుకున్నవాడు ఒకడు. అయినా చెక్కనేల మీద టాల్కం పౌడరు చల్లుకుని, జారుతూ, గిరగిరా తిరుగుతూ ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళయిపోయారు. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊళ్ళో, బౌలింగ్ క్లబ్బు మేడమీద నెలకో ఆదివారం మధ్యాహ్నం జరిగే తతంగమే ఇది. అమెరికాలో నల్లజాతి గాయకులు అరవైల్లో పాడి, అక్కడ కొనే దిక్కులేక మూలపడిపోయిన సోల్ పాటలంటే ఈ ఊరివాళ్ళకి ప్రాణం. ఎంత తక్కువమంది దగ్గరుంటే ఆ పాట అంత గొప్పది.

లేవనివాడు ఒక్కడే, విల్ఫ్ హాస్లమ్. కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి వింటున్నాడు.

విల్ఫ్ బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. గేటు దాటకముందే మోత విని ఏ బస్సుకి ఏ రోగమో చెప్పేవాడు. పాటల విషయంలోనూ అంతే. డ్రమ్ము దెబ్బ వినగానే ఊరు చెప్పేవాడు, బాకా వినగానే స్టూడియో చెప్పేవాడు. అందుకే అందరూ అతన్ని ప్రొఫెసర్ అంటారు. సగం గౌరవం, సగం వేళాకోళం. అతను మాత్రం మొదటి సగమే తీసుకున్నాడు.

ఎవరి దగ్గరా లేని రికార్డు దొరికినవాడు దాని లేబుల్ మీద తెల్లకాగితం అంటించి, ఏదో దొంగపేరు రాసి వాయించడం ఈ లోకంలో ఆనవాయితీ. అసలు పేరు తెలిస్తే మిగతావాళ్ళు ఇంకో కాపీ కోసం అమెరికా అంతా గాలిస్తారని భయం. ఎవరైనా అసలు పేరు చెప్పారా, అందరి ముందూ కాగితం పీకెయ్యాలి. నలభై ఏళ్ళలో విల్ఫ్ ముందు ఏ కాగితమూ మూడు వారాలకి మించి నిలవలేదు. క్లైవ్ 'లెస్టర్ క్రేన్' అని రాసి అంటించిన ఈ కాగితం మాత్రం ఎనిమిది నెలలుగా చెక్కుచెదరలేదు.

"డెట్రాయిట్," అన్నాడు విల్ఫ్ మొదటి నెల.

"కాదు," అన్నాడు క్లైవ్.

"షికాగో," అన్నాడు రెండో నెల.

"కాదు. వెళ్ళి టీ తాగు ప్రొఫెసర్, రంగు పాలిపోయావు."

పాటలో 'బై బేబీ, కమ్ ట్యూజ్‌డే' అని ఒక ముక్క వినిపిస్తుంది. వెళ్ళిరా, మంగళవారం రా అని. ఆ ముక్కని పట్టుకుని విల్ఫ్ తన దగ్గరున్న జాబితాలన్నీ తిరగేశాడు. 'బై బేబీ' అని మొదలయ్యే పాటలు పాడిన మగవాళ్ళు ముప్ఫై ఒక్కమంది తేలారు. నెలకి నలుగురైదుగురి చొప్పున అందరి పేర్లూ చెప్పేశాడు. క్లైవ్ ప్రతి పేరుకీ ఎంతో ఓపిగ్గా తల అడ్డంగా ఊపాడు. ఆ ఓపికే విల్ఫ్‌కి ఎక్కువ మండింది.

చివరికి ఎనిమిదో నెల తెగించాడు. టోపీలో ఫోను దాచి పాటంతా రికార్డు చేసుకున్నాడు. మర్నాడు పొద్దున వంటింట్లో బల్లమీద పెట్టి మళ్ళీ మళ్ళీ వింటుంటే, ఆపిల్ ముక్కలు కోస్తున్న అతని భార్య నోరీన్ చాకు ఆపింది.

"ఎవరీ పిల్ల?"

"పిల్లేంటి? మగాడు. లెస్టర్ క్రేన్ అన్నది దొంగపేరే కానీ, మనిషి మాత్రం మగాడే. గొంతు కాస్త పైస్థాయి."

"విల్ఫ్, నేను ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చున్నాను. 'ఎస్ సర్' అనాలో 'ఎస్ మేడమ్' అనాలో అవతలివాళ్ళు ఊపిరి పీల్చుకునేటప్పుడే తెలిసిపోయేది. ఇది ఆడపిల్ల. పైగా పాపం, జలుబు చేసింది."

"జలుబా!"

"ముక్కు దిబ్బడేసింది. మాట మొదట్లో 'మ' అనాల్సిన చోటల్లా 'బ' అంటోంది. 'బై బేబీ' కాదయ్యా బాబూ, 'మై బేబీ కమ్స్ ట్యూజ్‌డే'. నా వాడు మంగళవారం వస్తాడు అంటోంది. నువ్వేమో ఎనిమిది నెలలుగా వాణ్ణి సాగనంపుతున్నావు."

విల్ఫ్ ఫోను తీసుకుని లేచాడు. బయటికెళ్ళి, శుభ్రంగానే ఉన్న కారుని ఇంకోసారి కడిగాడు. కడుగుతూ చెవి దగ్గర ఫోను పెట్టుకుని విన్నాడు. మూడోసారి వినేటప్పటికి చేతిలో స్పాంజి జారి బకెట్లో పడింది. ఆడపిల్లే. జలుబే.

జలుబు అన్నమాట అతన్ని రెండు రోజులు వదల్లేదు. ఎక్కడో విన్నట్టు కాదు, ఎక్కడో రాసినట్టు అనిపించింది. తన చేతిలోంచి వెళ్ళిన ప్రతి రికార్డు గురించీ రెండు ముక్కలు రాసి పెట్టుకునే అలవాటు అతనికి. అటకెక్కి ఆ నోటుపుస్తకాలన్నీ దించి మెట్లమీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. గురువారం సాయంత్రం, 1984 నాటి పుస్తకంలో దొరికింది. తన దస్తూరీయే.

'పెటిఫోర్డ్. డేటన్, ఒహాయో. మొదటి వైపు: నత్తనడక పాట. గాయకుడికి జలుబు. పనికిరాదు. రెండో వైపు: వినలేదు. క్లైవ్‌కి కొసరుగా ఇచ్చేశాను.'

విల్ఫ్ పుస్తకం మూశాడు. మళ్ళీ తెరిచాడు. అక్షరాలు మారలేదు.

ఇంత నిశ్శబ్దంగా ఉన్నాడేమిటా అని వచ్చిన నోరీన్ అతని భుజం మీంచి చదివింది. నవ్వాపుకోలేక కింది మెట్టుమీద కూలబడింది.

"ఇది ఇక్కడే ఉండేదా? మనింట్లోనేనా?"

"రెండో వైపు తిప్పలేదు," అన్నాడు విల్ఫ్ నీరసంగా. "ఒక్కసారి తిప్పుంటే సరిపోయేది."

ఆ తర్వాతి నెల పాటల ఆదివారం నోరీన్ కూడా బయల్దేరింది. నలభై ఏళ్ళలో ఆ మేడమెట్లు ఎక్కడం అదే మొదటిసారి. "ఇంత మంచి సినిమా టిక్కెట్టు కొన్నా దొరకదు," అంది కోటు తొడుక్కుంటూ.

విల్ఫ్ తిన్నగా క్లైవ్ దగ్గరికెళ్ళి, "పెటిఫోర్డ్, డేటన్, రెండో వైపు," అన్నాడు.

క్లైవ్ రికార్డు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత బొటనవేలి గోరుతో కాగితం అంచు లేపి, పుండు మీద పట్టీ తీసినంత మెల్లిగా పీకాడు. కింద ఎర్రరంగు లేబుల్, దానిమీద ఒక్కటే పేరు. మైకు విల్ఫ్ చేతిలో పెట్టాడు.

"చెప్పు ప్రొఫెసర్. ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పాలి సుమా."

"నీకు ముందే తెలుసు కదరా!"

"తెలియకేం? కార్ పార్కింగులో నువ్వే నా రికార్డుల డబ్బాలో పడేశావు. టీ కెటిలు కింద పెట్టుకోవడానికి పనికొస్తుందన్నావు. తిప్పి వింటే మతిపోయింది. ఇన్నేళ్ళూ నీ మొహం చూసి జాలిపడి వాయించలేదు. అరవై దాటాక జాలి తగ్గింది."

విల్ఫ్ నోటుపుస్తకం తీసి, తను రాసుకున్నది ఉన్నదున్నట్టు చదివాడు. 'వినలేదు' దగ్గర హాలు దద్దరిల్లింది. నడుం పట్టీ పెట్టుకున్నాయన పట్టీ వదులు చేసుకుని మరీ నవ్వాడు. విల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి కానీ మైకు కింద పెట్టలేదు.

"నేను కనిపెట్టలేదు. ఆవిడకి జలుబని మా నోరీన్ చెప్పింది," అన్నాడు.

"ఆవిడా?" క్లైవ్ తెల్లబోయాడు. "అది మగాడు కదూ?"

నోరీన్ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సరే, ఆవిడ పేరేంటి?"

"పెటిఫోర్డ్."

"అది ఇంటిపేరు. అమ్మానాన్నా పెట్టింది?"

లేబుల్ మీద నంబరుంది. ఏ ఫ్యాక్టరీలో అచ్చొత్తారో క్లైవ్‌కి తెలుసు. ఏ ఏడాదో విల్ఫ్‌కి తెలుసు. పేరు మాత్రం ఇద్దరికీ తెలీదు.

సోమవారం మధ్యాహ్నం నోరీన్ పాత ఉద్యోగపు గొంతు సవరించుకుని ఫోను దగ్గర కూర్చుంది. డేటన్‌లో పెటిఫోర్డులు ఏడుగురు తేలారు. మొదటివాడు పెట్టేశాడు. రెండోవాడు బీమా అమ్మడానికి చేశారనుకున్నాడు. మూడో చోట ఎవరూ ఎత్తలేదు. నాలుగోసారి ఒక ముసలావిడ "హలో" అనగానే నోరీన్ వేలు పైకెత్తి విల్ఫ్‌ని పిలిచింది.

విల్ఫ్ పదకొండు ప్రశ్నలు రాసుకుని తయారుగా ఉన్నాడు. డ్రమ్ములు ఎవరు, బాకాలు ఎవరు, ఎన్ని కాపీలు తీశారు, ఇలా. "అమ్మా, మీరు అరవై ఏడులో ఒక పాట పాడారు," అన్నాడు.

"నేనా? ఏ పాట నాయనా?"

విల్ఫ్ తన సెల్‌ఫోనుని ఆ ఫోను దగ్గర పెట్టి పాట వినిపించాడు. ఆవిడ పాటంతా వింది.

"బాగా పాడాడు," అందావిడ చివరికి. "ఎవరతను?"

"మీరేనమ్మా."

ఆవిడ మళ్ళీ పెట్టమంది. ఈసారి సగంలో తనూ గొంతు కలిపింది, మాటలు మర్చిపోయిన చోట హమ్ చేస్తూ. అయిపోయాక, "ఓరి దేవుడా, ఎవరైనా విన్నారా దీన్ని?" అని అడిగింది.

"నిన్న యాభైమంది డాన్సు చేశారు," అన్నాడు విల్ఫ్.

ఆవిడ పేరు ఓర్లీన్. అదొక్కటే అతనికి దక్కిన జవాబు. రెండో ప్రశ్న అడిగేలోగా నోరీన్ ఫోను లాగేసుకుని, "మీకూ మోకాళ్ళ నొప్పులేనా?" అని మొదలుపెట్టింది. ఓర్లీన్‌కి మోకాళ్ళే కాదు, తుంటి కూడా. ముగ్గురు కూతుళ్ళు, ఒక పొగరుబోతు పిల్లి. విల్ఫ్ పది ప్రశ్నల కాగితం పట్టుకుని ముప్పావుగంట పక్కనే నిలబడ్డాడు. ఒకసారి ధైర్యం చేసి, "డ్రమ్ములు..." అన్నాడు. నోరీన్ చెయ్యి అడ్డంపెట్టి, "ఉండవయ్యా, ఆవిడ రెండో అల్లుడి సంగతి చెప్తోంది," అంది.