మత్రాలో కొన్న కుక్కరు

ఆడమనిషి గల్ఫ్‌కు పోయిందంటే ఎందుకు పోయిందో ఎవరూ అడగరు, అందరికీ తెలిసినట్టే ఉంటారు. పెంచలమ్మ విషయంలో వాళ్ళకు తెలిసింది సగమే. ఆమె రాజంపేట దగ్గరి పల్లె వదిలి ఒమాన్‌కు రావడానికీ, వచ్చి కుదురుకోగానే కొడుకు ఆంజిని, అంటే రామాంజనేయుల్ని, కూడా రప్పించుకోవడానికీ పెద్ద కారణం వేరే ఉంది. ఆ దేశంలో సారా దొరకదట.

పాస్‌పోర్టు తెచ్చిచ్చిన రోజు ఏజెంటు జిలానిని వాకిట్లో నిలబెట్టి మరీ అడిగింది.

"అబ్బా, ఒక్క మాట నిజం జెప్పు. ఆడ సారా ఉంటాదా?"

జిలాని రెండు చెవులూ పట్టుకున్నాడు. "తౌబా తౌబా! ఏం మాటక్కా అది? మావోళ్ళ దేశం గదా. ఆడ సారా వాసన గూడా రాదు."

ఆడవాళ్ళకు ఏది చెబితే చల్లబడతారో ఏజెంట్లకు బాగా తెలుసు. పెంచలమ్మ ఆ మాటను మూటగట్టుకుని విమానం ఎక్కింది.

ఆమె మొగుడు జయరాముణ్ణి సారా తినేసింది. ఊళ్ళలో ఆడవాళ్ళంతా సారా కొట్ల మీద పడిన రోజుల్లో పెంచలమ్మ ముందు వరసలో నడిచింది. కుండలు పగలగొట్టింది, ప్యాకెట్లు కాళ్ళతో తొక్కింది, కాంట్రాక్టరు మనుషులు ఒకటి తిడితే తను నాలుగు తిట్టింది. కొట్లు మూతబడ్డాయి. జయరాముడు ఊరుకుంటాడా? పెరట్లో తనే బట్టీ పెట్టాడు. నల్లబెల్లం, తుమ్మచెక్క నానేసి, కుండ మీద కుండ బోర్లించి, సందుల్లో ఎర్రమన్ను మెత్తి కాచుకునేవాడు. పొయ్యి ఊదడానికి చిన్నవాడైన ఆంజిని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. చివరి ఏడాది అతని చేతులు ఎంత వణికేవంటే గ్లాసు నోటిదాకా పోయేది కాదు. కుండలు పగలగొట్టిన పెంచలమ్మే ఆ గ్లాసు పట్టి తాగించింది. తాగించకపోతే చస్తాడన్నారు. తాగించినా చచ్చాడు. తన చేత్తో తాగించిన సంగతి ఆమె ఎక్కడా ఎవరితోనూ అనలేదు.

ఒమాన్‌లో ఆమెకు మత్రా అనే రేవు ఊరి పైన గుట్ట మీద ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో పని. సారూ మేడమూ నెమ్మదైన మనుషులు. ఒకసారి సెలవులకు పోయి వస్తూ సార్ ఒక అట్టపెట్టె తెచ్చుకున్నాడు. అందులో చిక్కటి ద్రాక్షరసం సంచి, గంధపు పొడిలాంటి ఈస్టు పొట్లాలు, ఒక వంకర గాజుగొట్టం. రసంలో నీళ్ళు కలిపి పెద్ద గాజు జాడీలో పోసి, మూతికి నీళ్ళు పోసిన గొట్టం బిగించి, జాడీని పెంచలమ్మకు అప్పగించాడు. ఏసీ చలి తగలకుండా తువ్వాలు కప్పాలి. గొట్టంలో నీళ్ళు ఆరిపోకుండా చూడాలి. జాడీ బుడుక్ బుడుక్‌మంటుంటే మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. కొన్నాళ్ళకు తువ్వాలు తీసి వాసన చూసింది. గబుక్కున మళ్ళీ కప్పేసింది. కాపురం చేసిన వాసన అది, మరిచిపోతుందా?

ఆ రోజంతా జిలానిని తిట్టుకుంది. తర్వాత తనకు తనే సర్ది చెప్పుకుంది. ఇది దొరల సారా. సార్ తాగి తూలడు, పెళ్ళాన్ని తన్నడు, ఒక గ్లాసు పట్టుకుని పుస్తకం చదువుకుంటాడు. క్యాంపుల్లో పడుండే కూలోళ్ళకు ఇట్లాంటి జాడీలు ఎక్కడినుంచి వస్తాయి?

ఆంజి పని ఖురియాత్ అనే ఊళ్ళో. ఆ ముందటేడు తుపాను సముద్రాన్ని ఊళ్ళోకి తెచ్చి పడేసింది. రోడ్లు, గోడలు మళ్ళీ కట్టే కంపెనీలో వాడు కూలి. మెస్సు తిండి పడటం లేదంటే పెంచలమ్మ మత్రా సూక్ బజారులో సేటు కొట్టుకు తీసుకుపోయి మంచి కుక్కరు కొనిచ్చింది. సెలవున్న శుక్రవారాల్లో వాడు కంపెనీ బస్సులో మత్రాకు వచ్చేవాడు. తల్లీకొడుకులు సముద్రం గోడ మీద కూర్చుని తెచ్చుకున్నది తినేవారు.

ఒకసారి సార్ ఇంట్లో బీరువాలు జరపడానికి వచ్చి ఆంజి ఆ జాడీని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ గొట్టం ఎందుకో తెలుసామా? లోపలి గాలి బయటికి పోతాది, బయటి గాలి లోపలికి రాదు," అన్నాడు.

తన కొడుకు తెలివికి పెంచలమ్మ మురిసిపోయింది. వెర్రి తల్లి, వాడికి ఎలా తెలుసని అడగలేదు. సార్ వద్దని పడేసిన ఈస్టు పొట్లాలు రొట్టెలు చేసుకుంటానని వాడు అడిగితే, చెత్తబుట్టలోనుంచి ఏరి, తుడిచి ఇచ్చింది. ఆ తర్వాత వాడు కుక్కరుకు గ్యాస్కెట్ పాడైందన్నాడు. కొనిచ్చింది. మళ్ళీ పాడైందన్నాడు. మళ్ళీ కొనిచ్చింది.

"ఊరికే గ్యాస్కెట్లు పోతుండాయంటే మావోడు ఎంత వండుకుంటాండాడో చూడు," అని పక్కింట్లో పనిచేసే అక్తరీ బేగంతో గొప్పలు పోయింది.

వేసవి ముదిరేసరికి ఆంజి రావడం తగ్గింది. ఫోన్ చేస్తే డ్యూటీ ఉందనేవాడు. ఒక శుక్రవారం పెంచలమ్మ క్యారియరులో అన్నం, చేపల పులుసు సర్దుకుని, వాళ్ళ కంపెనీ బస్సు డ్రైవరు నిసార్ అహ్మద్‌ను పట్టుకుంది. రాయచోటివాడు, ఆమెను అక్కా అని పిలుస్తాడు.

"ఈ ఎండలో నువ్వెందుకక్కా? క్యారియరు నాకిచ్చేయ్, నేనిస్తా," అన్నాడు.

"నా కొడుకును చూసుకోడానికి నీ పర్మిషనేందిరా?"

నిసార్ బస్సు తీశాడు. ఖురియాత్ దాకా రోడ్డునే చూస్తూ నడిపాడు.

క్యాంపు వంట రేకులషెడ్డు వెనక నీడలో నలుగురైదుగురు మనుషులు కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి ఒక్కొక్కరే లేచి పోయారు. ఆంజి లేవలేదు. వాడి ముందు స్టవ్వు మీద ఆమె కొనిచ్చిన కుక్కరు ఉంది. విజిల్ ఉండాల్సిన చోట ఏసీవాళ్ళు వాడే రాగి గొట్టం. అది చుట్టలు చుట్టుకుని నీళ్ళ బకెట్లో దిగి, అడుగునుంచి బయటికి వచ్చి, ప్లాస్టిక్ సీసాలోకి బొట్టు బొట్టుగా కారుతోంది. గొట్టం దిగినచోట గోధుమపిండి మెత్తి ఉంది. జయరాముడు ఎర్రమన్ను మెత్తేవాడు, అంతే తేడా.

పెంచలమ్మ క్యారియరు కింద పెట్టింది. స్టవ్వు ఆర్పింది. కొంగు చేతికి చుట్టుకుని గొట్టం పీకి పారేసింది. ఆవిరి బుస్సున పోయేదాకా ఆగి, కుక్కరును ఎత్తి బండకేసి కొట్టింది. మూత వంకరపోయేదాకా, పిడి ఊడిపోయేదాకా కొట్టింది. నురగ కక్కుతున్న పులిసిన ఖర్జూరపు రసం చుర్రుమని కాళ్ళ మీద చిందింది. చుట్టూ మగవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేదు. అంత బలం తనలో ఇంకా ఉందని ఆమెకే సంతోషం వేసింది, నిజం చెప్పాలంటే.

ఆంజి అడ్డం రాలేదు.

"రూమ్‌లోకి పా. అన్నం తిందువు," అంది రొప్పుతూ.

మంచం మీద కూర్చోబెట్టి, గిన్నెలో అన్నం కలిపి చేతికిచ్చింది. వాడు ముద్ద ఎత్తాడు. ముద్ద నోటిదాకా పోలేదు. చొక్కా మీద పడింది. ఇంకో ముద్ద ఎత్తాడు, అదీ పడింది. వాడి చెయ్యి వణుకుతోంది. భయపడ్డాడేమో అనుకుంది పెంచలమ్మ. ఒళ్ళంతా చెమట, కళ్ళల్లో పసుపు. అప్పుడు గుర్తుపట్టింది. 

"పొద్దున్నుంచీ చుక్క సరిగా పడలేదుమా," అన్నాడు వాడు తలవంచుకుని. "అది లోపలికి పోతేగానీ చెయ్యి నిలబడదు."

"ఈడికొచ్చి నేర్చుకున్నావా నాయనా ఇది?"

"ఈడ యాడ నేర్చుకుంటా? పొయ్యి ఊదేటప్పుడు నాయన మూత నిండా పోసిచ్చేటోడు. బాగ ఊదినావని. నీకు చెప్పొద్దనేటోడు."

పెంచలమ్మ గోడకు ఆనుకుంది. కొట్లు మూయించి, ఊరు వదిలించి, సముద్రం దాటించి తెచ్చుకుంది వీణ్ణి. అన్నిటికీ ముందే, తన పెరట్లోనే, తను గడ్డి కోతకు పోయిన పూటల్లోనే అంతా అయిపోయి ఉంది.

"ఇంక నన్ను యా దేశానికి తీసకపోతావుమా?" అన్నాడు ఆంజి. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

ఆమె వాడి చొక్కా మీద పడిన మెతుకులు ఏరింది.

"నేను కాచింది మంచిదే," అన్నాడు మళ్ళీ. "ఇది ల్యాకపోతే పక్క క్యాంపులో కొనుక్కోవాల. వాళ్ళు పెయింట్ల థిన్నర్ కలుపుతాండారు. మొన్న ఒకనికి కండ్లు పోయినాయి. నేను ఆడికి పోగూడదనే అనుకుంటా. చెయ్యి ఊరుకోదు."

మంచం కింద సగం సీసా ఉంది. వాడు చూపించలేదు, ఆమె కన్నే దానిమీద పడింది. దాన్ని కూడా పగలగొట్టడానికే వంగింది పెంచలమ్మ. సీసా చేతిలోకి తీసుకుంది. వాడి చేతులు చూసింది. లేచి తలుపు దగ్గరికి వేసింది. క్యారియరు మూతలో పోసి, ఎడమచేత్తో వాడి తల పట్టుకుని, కుడిచేత్తో మూత పెదవుల దగ్గర పెట్టింది. ఒక్క బొట్టు కింద పడకుండా తాగించింది. ఎలా పట్టాలో ఆ చేతులకు బాగా తెలుసు.

కాసేపటికి వణుకు తగ్గింది. ఆంజి చేపల పులుసు కలుపుకుని కడుపునిండా తిన్నాడు. బాగుందన్నాడు. ముల్లు తీసి పక్కన పెట్టుకుంటూ చిన్నప్పుడు తిన్నట్టే తిన్నాడు. పెంచలమ్మ చూస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నిసార్‌ను మత్రాలో బస్సు ఆపమంది. సాయంత్రం కొట్లు అప్పుడే తెరుస్తున్నారు. సేటు ఆమెను గుర్తుపట్టి నవ్వాడు.

"ఆవో అమ్మా! మళ్ళీ గ్యాస్కెటా?"

"కుక్కరు కావాల సేట్. పాతది పాడైంది."

సేటు అరమీదినుంచి మెరుస్తున్న కుక్కరు దించి, గుడ్డతో తుడిచి, మూత బిగించి చూపించాడు. "నీ కొడుకు ఖానా బాగా వండుతాడనుకుంటా!"

"ఆ, బాగా వండుకుంటాడు," అంది పెంచలమ్మ.

మూత పైన విజిల్ పెట్టే చోటును వేలితో తడిమి చూసింది. తర్వాత కుక్కరును బస్సులో ఉన్న నిసార్ చేతికిచ్చి, ఆంజికి ఇమ్మని చెప్పి, గ్యాస్కెట్లు అడగడం మరిచిపోయానని మళ్ళీ కొట్లోకి నడిచింది.