రెండు అట్టలూ ఇంటికే

మా కోడలు ఖుర్షిదాకి కోపం వస్తే అరవదు, స్క్రూడ్రైవరు తీస్తుంది. మా ఇంట్లో అరిచే పని నాది. ఈ నసీమున్నీసా నోరు ఎలాంటిదో చీరాల జాండ్రపేటలో ఎవరినడిగినా చెబుతారు.

మా ముందుగదిలో ఒక కంప్యూటరు ఉంది. పేటలోని నేతగాళ్లు చీర అంచులకు కొత్త డిజైన్లు గీసుకునేది దాని మీదే. అందరికీ కలిపి ఒక్కటే. గీసేది వాళ్లు, నేర్పేది మా కోడలు.

కిందటేడు మా పేటలోనే నేసే మల్లేశ్వరి ఎంతో కష్టపడి గీసిన మిరపపూత అంచు, చీర ఆమె మగ్గం మీంచి దిగకముందే మరమగ్గాల మీద తయారై బజారులో వేలాడింది. “ఖుర్షిదా గదిలోంచే పోయింది” అని పేటంతా గుసగుసలు. ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎవరూ మొహం మీద అనలేదు. అని ఉంటే నేను చూసుకునేదాన్ని.

ఖుర్షిదా మాత్రం స్క్రూడ్రైవరు తీసి కంప్యూటరు విప్పింది. అన్నీ దాచుకునే లోపలి డ్రైవు తీసేసి, పెట్టె ముందువైపు రెండు అరలు బిగించింది. సొరుగు లాగినట్టు లాగితే డ్రైవు చేతికొస్తుంది. ఒకదానిలో కంప్యూటరును నడిపించే సిస్టమ్, ఇంకోదానిలో గీసిన డిజైన్లు. ఎవరి జత వాళ్లదే. వచ్చేటప్పుడు తెచ్చుకోవాలి, వెళ్లేటప్పుడు పట్టుకుపోవాలి.

నేతగాళ్లకు ఈ జాగ్రత్త కొత్త కాదు. మగ్గం మీద డిజైను నడిచేది చిల్లులు పొడిచిన అట్టలతో. పరాయి వ్యాపారి ఇంటికొస్తున్నాడంటే ముందు ఆ అట్టల దండ దించి దాచేస్తారు. అందుకే ఈ డ్రైవులకు కూడా అట్టలనే పేరు పడింది.

మొదట తిరిగొచ్చింది మల్లేశ్వరే. గుంటూరులో జరిగే చేనేత ప్రదర్శన కోసం ఇంకో అంచు మొదలుపెట్టింది. ఇది కూడా బయటికి పోతే మగ్గం ఆపేసి చీమకుర్తి గ్రానైటు పనికి పోతానంది. అంత భయం పెట్టుకుని కూడా, మొదటిరోజు డిజైన్ల అట్ట ఒక్కటే సంచిలో వేసుకుని బయల్దేరింది.

“రెండోది వదిలేశావు” అంది ఖుర్షిదా.

“అది మగ్గం లాంటిదేగా వదినా! మగ్గాన్ని ఎవరన్నా చంకన పెట్టుకుని పోతారా?”

నాకు నవ్వొచ్చింది. ఖుర్షిదా నవ్వలేదు.

“అట్టలు దించేసి, నేసిన గుడ్డ మగ్గం మీద అట్లాగే వదిలేస్తావా మల్లేశ్వరీ?”

“అమ్మో! గుడ్డ చూస్తే అంచు తెలిసిపోదూ? దాని మీద దుప్పటి కప్పుతాం.”

“అయితే ఇది చూడు.”

ఖుర్షిదా కిందటేటి పాత డ్రైవు పెట్టి తెరిచింది. మల్లేశ్వరి తన డిజైన్లు పెన్‌డ్రైవులోనే పెట్టుకునేది, అందులో ఎప్పుడూ దాచలేదు. అయినా గోరంత బొమ్మల మధ్య మిరపపూత అంచు కనబడింది.

“నువ్వు తెరిచినప్పుడల్లా సిస్టమ్ ఒక చిన్న బొమ్మ తన దగ్గర ఉంచుకుంది. పని తెలిసినవాడికి అంత చాలు, చూసి గీసుకుపోతాడు. ఇక్కడ ఏం మిగులుతుందో నేనే చూసుకోలేదు, తప్పు నాది.”

 మల్లేశ్వరి రెండో అట్ట కూడా తీసి సంచిలో వేసుకుంది.

ప్రదర్శన దగ్గరపడ్డాక మరమగ్గాలవాళ్ల దళారీ పేరయ్య వచ్చాడు. అప్పుడు ఖుర్షిదా ఇంట్లో లేదు, బజారుకెళ్లింది. ఏదో కాగితం ప్రింటు తీసుకోవాలని నసిగాడు. అతని చూపంతా కంప్యూటరు మీదే ఉంది.

“కూర్చో నాయనా, నీ ఇల్లే అనుకో” అన్నాను.

బటన్ నొక్కాడు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

“ఇందులో ఏం లేదేంటి పెద్దమ్మా!”

“ఎందుకుంటుంది? ఎవరివి వాళ్లింట్లో ఉన్నాయి. టీ పెట్టనా?”

తాగకుండానే పోయాడు. ఆ పూట నా కడుపు నిండిపోయింది.

గుంటూరులో మల్లేశ్వరి చీర మడత విప్పి పరిచేదాకా ఆ అంచు నేనూ చూడలేదు. నా ఇంట్లో గీసిందే! ఒక్కసారి చూపించమని కోడల్ని ఎన్నిసార్లు బతిమాలానో. “నా దగ్గర లేదత్తమ్మా” అనేది. నిజంగానే లేదు. పండుమిరప రంగు మీద తెల్లగా పగిలిన పత్తికాయలు. కళ్లు తిప్పుకోలేకపోయాను.

ఒక పెద్ద దుకాణదారు అంచు వేళ్లతో తడిమి, “బాగుందమ్మా. ఇది ఇప్పటికే బజార్లోకి వెళ్లిపోలేదని నమ్మకమేంటి?” అన్నాడు.

మా పేటవాళ్లంతా అక్కడే ఉన్నారు. మల్లేశ్వరి ఖుర్షిదా భుజం పట్టుకుని ముందుకు తెచ్చింది.

“ఈ వదిన దగ్గర గీశానండి” అంది, అందరికీ వినబడేలా. “ఇంకేం నమ్మకం కావాలి?”

మా పేటవాళ్లు తలలూపారు. ఖుర్షిదా తల దించుకుంది, కళ్లు తుడుచుకోవడానికి. నేను ఆమె చెయ్యి పట్టుకుని, అడగనివాళ్లకు కూడా చెప్పాను.

“మా కోడలండీ.”